కరక్కాయకు బ్యాక్టీరియాను ఆపే గుణం ఉందా? ల్యాబ్‌లో పరీక్షించేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ విద్యార్థులు ప్రాజెక్టు కోసం ఎంచుకునే అంశాల్లో ‘ఫలానా మొక్కకు యాంటీ బ్యాక్టీరియల్ గుణం’ ఏటా ముందు వరసలో ఉంటుంది. మొక్క దగ్గర్లోనే దొరుకుతుంది, ఖర్చు తక్కువ, ఒక సెమిస్టర్‌లో పని పూర్తవుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ప్లేటు మీద జోన్ (మొక్క సారం వేసిన చోట చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) కనబడగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ జోన్ ఎంత సారంతో వచ్చింది, సారంలో దేనివల్ల వచ్చింది అని అడిగేవాళ్ళు తక్కువ. కరక్కాయను ఉదాహరణగా తీసుకుని ఆ రెండు ప్రశ్నల చుట్టూనే ఈ జవాబులు రాశాను. మీరు పరీక్షిస్తున్నది నేలవేమైనా, ఉత్తరేణి అయినా, తంగేడైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఇన్ని మొక్కలుండగా కరక్కాయే ఎందుకు?

దగ్గు వస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమనడం మన ఇళ్ళల్లో మామూలే. ఉసిరి, తానికాయలతో కలిస్తే అదే త్రిఫల. పచారీ కొట్టులో, ఆయుర్వేద మూలికల దుకాణంలో ఏడాది పొడుగునా దొరుకుతుంది. శాస్త్రీయ నామం టెర్మినాలియా చెబ్యులా. నల్లమలలోనూ, తూర్పు కనుమల్లోనూ ఈ చెట్లున్నాయి. గిరిజనులు ఏరుకొచ్చిన కాయలను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది.

నేను దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ కాయ సారం ప్లేటు మీద దాదాపు ఎప్పుడూ జోన్ ఇస్తుంది, ముఖ్యంగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మీద. అంత సులువుగా ఫలితం ఇచ్చే మొక్క దగ్గరే జాగ్రత్త ఎక్కువ నేర్చుకోవచ్చు.

ఇన్ని యాంటీబయాటిక్స్ ఉండగా మొక్కల వెంట పడటం అవసరమా?

అవసరమే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా సంభవించిన మరణాలు 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేలని అంచనా. ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్ళను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనబడిందని 2007లో పరిశోధకులు ప్రచురించారు. మందుకు లొంగే ఈ.కోలై పెరగకుండా ఆపడానికి అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. అలాంటి నీళ్ళల్లో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఎలాంటిదో ఊహించుకోండి.

అయితే ఒక సంగతి ముందే తెలిసుండాలి. ఈ రోజు ఆసుపత్రుల్లో వాడే యాంటీబయాటిక్స్‌లో ఎక్కువ భాగం మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి, శిలీంధ్రాల నుంచి వచ్చినవి, లేదా రసాయన శాలలో తయారైనవి. మొక్కల నుంచి మలేరియాకు, క్యాన్సర్‌కు గొప్ప మందులొచ్చాయి. బ్యాక్టీరియా విషయంలో మాత్రం అలా జరగలేదు. వేల మొక్కల మీద జోన్లు కొలిచిన తర్వాత కూడా పరిస్థితి ఇదే అంటే, జోన్‌కీ మందుకీ మధ్య చాలా మెట్లున్నాయన్నమాట.

కాయలు కొట్టులో కొనొచ్చా, చెట్టు దగ్గర నుంచే తేవాలా?

చెట్టు నుంచి తెస్తే మంచిది. పూతో, కాయతో ఉన్న కొమ్మను అదిమి ఆరబెట్టి హెర్బేరియం షీటు చేసి, వృక్షశాస్త్రజ్ఞులతో గుర్తింపు చేయించి, వోచర్ నంబరు (ఆ నమూనాకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల్లో అడగొచ్చు. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ నంబరు లేని పేపర్‌ను మంచి జర్నల్స్ వెనక్కి పంపేస్తాయి, పంపాలి కూడా. ఏ మొక్కో తేలకపోతే ఆ ఫలితాన్ని ఇంకెవరూ మళ్ళీ చేసి చూడలేరు.

కొట్టు కాయలు తప్పనిసరైతే కాయగానే కొనండి, పొడి కొనొద్దు. పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. కాయను చితక్కొట్టి గింజ తీసేసి, పెచ్చు మాత్రం తీసుకోండి. పెచ్చు లోపలి వైపు తెల్లగా, పచ్చగా బూజు కనిపిస్తే ఆ కాయ పక్కన పెట్టేయండి. బూజులు కూడా బ్యాక్టీరియాను ఆపే పదార్థాలను తయారు చేయగలవు. అప్పుడు మీరు కొలిచేది కాయ గుణమో బూజు గుణమో చెప్పలేరు.

నీళ్ళతో సారం తీయాలా, మిథనాల్‌తోనా?

మీ ప్రశ్నను బట్టి. ‘ఇంట్లో వాడే కషాయానికి గుణముందా’ అన్నది ప్రశ్న అయితే కషాయాన్నే పరీక్షించాలి. మిథనాల్‌తో తీసిన సారాన్ని ఎవరూ తాగరు కదా. ‘ఈ కాయలో పనిచేసే పదార్థం ఏదైనా ఉందా’ అన్నది ప్రశ్న అయితే హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్, మిథనాల్, నీరు అని వరసగా, నూనెలో కరిగేవాటి నుంచి నీళ్ళలో కరిగేవాటి దాకా వెళ్ళండి.

ద్రావణి ఎంపిక ఎంత తేడా తెస్తుందో చైనా శాస్త్రవేత్త టు యూయూ కథ చెబుతుంది. మలేరియాకు వాడే ఒక మాచిపత్రి జాతి మొక్కను మరిగించి చూస్తే గుణం నిలకడగా కనబడలేదు. ఆకును చన్నీళ్ళలో నానబెట్టి రసం పిండమని పాత వైద్య గ్రంథంలో ఉన్న మాట ఆమెను ఆలోచింపజేసింది. వేడి వల్ల మందు పాడవుతోందేమోనని, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో 1971లో సారం తీశారు. అదే ఆర్టిమిసినిన్ దాకా నడిపించింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అందుకే సంప్రదాయం చెప్పేటప్పుడు మొక్క పేరు ఒక్కటే రాసుకుని వచ్చేయకండి. పచ్చిగా నూరారా, మరిగించారా, తేనెలో రంగరించారా, ఎంతసేపు నాననిచ్చారు, అన్నీ అడిగి రాసుకోండి.

సారం తీసే పద్ధతి చెప్తారా?

నీడన ఆరబెట్టి మిక్సీలో పొడి చేయండి. 10 గ్రాముల పొడికి 100 మిల్లీలీటర్ల ద్రావణి పోసి, మూత పెట్టి, గది వేడిమిలో 24 గంటలు షేకర్ మీద ఉంచండి. వాట్‌మన్ 1 ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి. మిథనాల్ లాంటి ద్రావణి అయితే రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయండి. నీటి సారమైతే ఫ్రీజ్ డ్రయర్ మంచిది. చివరికి మిగిలిన ముద్దను తూచి, 10 గ్రాములకు ఎంత వచ్చిందో రాసుకోండి. ఈ తూకం లేకపోతే తర్వాతి అంకెలన్నీ గాల్లో ఉంటాయి. ‘పొడిని నీళ్ళలో నానబెట్టి 50 మైక్రోలీటర్లు వేశాం’ అంటే ఎంత పదార్థం వేశారో ఎవరికి తెలుసు?

సారాన్ని ఆటోక్లేవ్ చేయొద్దు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపి స్టెరైల్ చేయండి. మెంబ్రేన్ మీదే కొంత సారం పట్టుకుపోతుందన్న అనుమానం ఉంటే, ఫిల్టర్ చేసిన దాంట్లో కొంత ఆరబెట్టి మళ్ళీ తూచి చూడండి.

ఏ బ్యాక్టీరియా మీద చేయాలి? ఆసుపత్రి నుంచి శాంపిల్స్ తెచ్చుకోవచ్చా?

మొదట ప్రామాణిక స్ట్రెయిన్లు (ఏటీసీసీ అనే కల్చర్ల సేకరణ కేంద్రం నంబర్లతో గుర్తించే బ్యాక్టీరియా రకాలు): స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923, ఈ.కోలై ఏటీసీసీ 25922, సూడోమోనాస్ ఎరుజినోసా ఏటీసీసీ 27853. ఎంఐసీ (పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) కొలిచేటప్పుడు ఆరియస్‌కు 29213 వాడతారు. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సేకరణ కేంద్రం నుంచి కల్చర్లు తెప్పించుకోవచ్చు. ప్రామాణిక స్ట్రెయిన్ వల్ల లాభం ఏమిటంటే, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టించిన 10 మైక్రోగ్రాముల కాగితపు డిస్క్‌కు 25923 మీద 19 నుంచి 27 మిల్లీమీటర్ల జోన్ రావాలని ముందే తెలుసు. మీకు 15 వచ్చిందంటే మీ మీడియంలోనో, కల్చర్‌లోనో, డిస్క్‌లోనో ఏదో తేడా ఉంది. మొక్క సంగతి తర్వాత, ముందు అది సరిచేయాలి.

ఆసుపత్రి శాంపిల్స్‌కు ఎథిక్స్ కమిటీ అనుమతి, బయోసేఫ్టీ లెవెల్ 2 సౌకర్యం ఉండాలి. మందులకు లొంగని స్ట్రెయిన్‌ను మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కు తెచ్చి, ఏసీ లేని గదిలో ఫ్యాన్ కింద తెరవడం అంటే తోటి విద్యార్థులను ప్రమాదంలో పెట్టడమే. అసలు పైన చెప్పిన ప్రామాణిక స్ట్రెయిన్లు కూడా రోగకారక జాతులవే. గ్లవ్స్, కోటు, బర్నర్ దగ్గర పని, పని అయ్యాక 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే ప్లేట్లు పారేయడం, ఇవన్నీ వాటికీ వర్తిస్తాయి.

ప్లేటు మీద పరీక్ష ఎలా చేస్తారు?

ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మీడియం) 4 మిల్లీమీటర్ల మందంతో పోయాలి. పల్చగా ఉంటే జోన్ పెద్దదవుతుంది, మందంగా ఉంటే చిన్నదవుతుంది. తాజా కాలనీలను సెలైన్‌లో కలిపి, మసక 0.5 మెక్‌ఫార్లాండ్ ప్రమాణానికి సరిపోయేలా చూడాలి. అంటే మిల్లీలీటరుకు సుమారు 10 నుంచి 20 కోట్ల బ్యాక్టీరియా. 15 నిమిషాల్లోపు స్వాబ్‌తో ప్లేటంతా మూడు దిశల్లో పూయాలి. 6 మిల్లీమీటర్ల కార్క్ బోరర్‌తో బావులు చేసి కొలిచిన సారం వేసి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచాలి.

బావి అడుగున అగార్ పైకి లేస్తే సారం కిందికి జారి జోన్ వంకరగా వస్తుంది. అలాంటి ప్లేటును కొలవకుండా మళ్ళీ చేయండి. కరక్కాయ సారంతో ఇంకోటి గమనిస్తారు: బావి చుట్టూ ముందు గోధుమ రంగు మసక వలయం, దాని అవతల అసలు జోన్. ఆ మసక వలయం ఏమిటో కింద టానిన్ల (కాయకు వగరునిచ్చే పదార్థాల) దగ్గర చెబుతాను, అదే ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం.

నా సారానికి 18 మిల్లీమీటర్లు, జెంటామైసిన్‌కు 22 వచ్చింది. దాదాపు సమానమే కదా?

కాదు. లెక్క వేసి చూద్దాం.

మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సారం చేశారు. బావిలో 50 మైక్రోలీటర్లు వేశారు. అంటే బావిలో పడింది 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. జెంటామైసిన్ డిస్క్‌లో ఉన్నది 10 మైక్రోగ్రాములు. అంటే మీరు 500 రెట్లు ఎక్కువ పదార్థం వేస్తే, మందుకన్నా చిన్న జోన్ వచ్చింది. ఈ ఒక్క లెక్క థీసిస్‌లో రాయకుండా రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి గ్రాఫ్ గీస్తే చదివేవాళ్ళను తప్పుదారి పట్టించినట్టే.

పైగా జోన్ పరిమాణం అగార్‌లో ఆ పదార్థం ఎంత దూరం పాకింది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. జెంటామైసిన్ పాకే తీరు వేరు, బరువైన టానిన్ పాకే తీరు వేరు. రెండు వేర్వేరు పదార్థాల జోన్లను మిల్లీమీటర్లలో పోల్చడానికి ఆధారమే లేదు. సారం మొత్తం కలగాపులగం, అందులో పనిచేసేది నూటికి ఒక వంతే కావచ్చు కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ దానికి జవాబు ఆ ఒక వంతును విడదీసి చూపించడమే, ఊహించుకోవడం కాదు.

అసలు జోనే రాలేదు. ప్రాజెక్టు పోయినట్టేనా?

టెన్షన్ పడకండి. నూనెలో కరిగే పదార్థాలు నీటిమయమైన అగార్‌లో పాకవు, బావిలోనే ఉండిపోతాయి. అలాంటి సారం ద్రవ మీడియంలో ఎంఐసీ చేస్తే పనిచేస్తున్నట్టు తేలవచ్చు. అక్కడా పనిచేయకపోతే ‘ఇంత మోతాదు దాకా గుణం కనబడలేదు’ అని రాయండి. కంట్రోల్స్ (పోల్చి చూడటానికి పెట్టే పరీక్షలు) సరిగ్గా ఉన్న ప్రయోగంలో అదీ ఫలితమే. రానివాళ్ళు దాచుకుని వచ్చినవాళ్ళే ప్రచురిస్తూ పోతే, ప్రతి మొక్కా బ్రహ్మాండంగా పనిచేస్తుందన్న భ్రమ మిగులుతుంది. ఇప్పుడు దాదాపు అదే పరిస్థితి.

ఏయే కంట్రోల్స్ పెట్టాలి?

మందు డిస్క్ ఒకటి, సారం కరిగించిన ద్రావణి ఒకటి అందరూ పెడతారు. డీఎంఎస్ఓ అనే ద్రావణి వాడితే ద్రవ మీడియం అయిన బ్రాత్‌లో చివరికి 1 శాతం దాటకుండా చూసుకోండి, ఎక్కువైతే అదే బ్యాక్టీరియాను ఇబ్బంది పెడుతుంది. మిథనాల్ సారాన్ని పూర్తిగా ఆరబెట్టకపోయినా అదే సమస్య.

ఎవరూ పెట్టని కంట్రోల్ ఆమ్లానిది. కరక్కాయ నీటి సారంలో గాలిక్ ఆమ్లం లాంటివి ఉంటాయి, సారం ఆమ్లంగా ఉంటుంది. చాలా బ్యాక్టీరియా పులుపుకే ఆగిపోతాయి. పీహెచ్ మీటర్‌తో మీ సారం పీహెచ్ కొలవండి. అదే పీహెచ్‌కు తెచ్చిన బఫర్‌ను ఒక బావిలో వేయండి. వేరే బావిలో, సోడియం హైడ్రాక్సైడ్‌తో 7 దాకా తెచ్చిన సారం వేయండి. తటస్థం చేసిన సారం కూడా జోన్ ఇస్తే మాట్లాడటానికి మీ దగ్గర ఏదో ఉంది. ఇవ్వకపోతే నిమ్మరసం కూడా చేయగలిగిన పనే మీ సారం చేసిందన్నమాట. ఈ పరీక్షకు అదనంగా పట్టేది ఒక పూట.

టానిన్లతో సమస్య ఏమిటి?

కరక్కాయ పెచ్చులో దాదాపు మూడో వంతు దాకా టానిన్లే. చెబ్యులాజిక్ ఆమ్లం, చెబ్యులినిక్ ఆమ్లం అందులో ముఖ్యమైనవి. కాయ నోట్లో పెట్టుకోగానే వగరుగా నాలుక పట్టేసినట్టు అవుతుందే, లాలాజలంలోని ప్రోటీన్లను టానిన్లు పట్టుకోవడం వల్లే అది. తోళ్ళు శుద్ధి చేయడానికి కరక్కాయ వాడేదీ ఈ గుణం కోసమే.

దీన్ని కళ్ళారా చూడాలంటే శ్రీకాళహస్తి కలంకారీ దగ్గరికి వెళ్ళాలి. బొమ్మ వేయడానికి ముందు నూలు గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవంలో కలం ముంచి ఆ గుడ్డ మీద గీస్తారు. గుడ్డను తాకగానే గీత నల్లబడుతుంది. గుడ్డలోని టానిన్, కలంలోని ఇనుము కలిసి నలుపవుతాయి. మన ల్యాబ్‌లో సారానికి రెండు చుక్కల ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ముదురు నీలం నలుపు వచ్చి ‘టానిన్లు ఉన్నాయి’ అని రాసుకుంటామే, అక్కడ కళాకారులు తరతరాలుగా చేస్తున్నదీ అదే రసాయన చర్య.

ఇప్పుడు ప్లేటు దగ్గరికి వద్దాం. ముల్లర్ హింటన్ మీడియంలో గొడ్డు మాంసం సారం, కేసీన్ నుంచి వచ్చిన పెప్టైడ్లు ఉంటాయి. టానిన్లు వీటిని పట్టుకుని పేరుకుపోతాయి. బావి చుట్టూ కనబడే గోధుమ మసక అదే. టానిన్లు బ్యాక్టీరియా పైపొర ప్రోటీన్లను పట్టుకుంటాయి, దాని ఎంజైములను పట్టుకుంటాయి, దానికి కావలసిన ఇనుమును కూడా పట్టేస్తాయి. అందుకే జోన్ వస్తుంది. ఇది అబద్ధపు జోన్ అనను, బ్యాక్టీరియా నిజంగానే పెరగలేదు. కానీ టానిన్లు ఎదురుపడ్డ ప్రోటీన్‌నల్లా పట్టుకుంటాయి, మన ఒంట్లోవి కూడా. మందుకు కావలసింది బ్యాక్టీరియాలో ఒక కీలక భాగాన్ని గురి చూసి కొట్టే పదార్థం.

పరీక్షించే మార్గం సులువు. టానిన్లను పీల్చేసే పీవీపీపీ పొడి సారంలో కలిపి, కాసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రవం తీసుకోండి. దానికి ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నలుపు రాకూడదు. ఆ ద్రవాన్ని అసలు సారం పక్కనే పరీక్షించండి. గుణం పూర్తిగా పోతే అది టానిన్ పని. మిగిలితే, టానిన్ కానిదేదో ఉంది, వెతకాల్సింది దాన్ని. నన్నడిగితే, కరక్కాయ మీద ఒకే ఒక్క అదనపు ప్రయోగం చేసే తీరిక ఉంటే ఇదే చేయమంటాను.

ఎంఐసీ ఎలా చేయాలి?

96 బావుల ప్లేటులో, ఒక్కో వరసలో సారాన్ని సగం సగంగా పలుచన చేస్తూ పోండి: మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెడితే 2.5, 1.25, అలా పదో బావికి సుమారు 10 మైక్రోగ్రాములకు వస్తుంది. పదకొండో బావిలో సారం లేకుండా బ్యాక్టీరియా మాత్రమే. పన్నెండో దాంట్లో ఉత్త మీడియం. బ్యాక్టీరియా చివరికి మిల్లీలీటరుకు 5 లక్షలు ఉండాలి. పెరుగుదల కనబడని అతి తక్కువ మోతాదే ఎంఐసీ. దానికి పక్కనే జెంటామైసిన్ వరస కూడా ఉండాలి. ఏటీసీసీ 29213కి అది మిల్లీలీటరుకు 0.12 నుంచి 1 మైక్రోగ్రాము మధ్య రావాలి.

పెరుగుదల కనబడని బావుల నుంచి కొంచెం తీసి ఉత్త అగార్ మీద పరచండి. 99.9 శాతం చచ్చిపోయిన మోతాదును ఎంబీసీ అంటారు. అది ఎంఐసీకి నాలుగు రెట్లు దాటకపోతే సారం బ్యాక్టీరియాను చంపుతోందని, దాటితే పెరగకుండా ఆపుతోందంతే అని సాధారణంగా అర్థం చేసుకుంటారు.

సారం వేయగానే బావులు మసకబారిపోతున్నాయి. చదవడం ఎలా?

మళ్ళీ టానిన్లే, మీడియంలోని ప్రోటీన్లతో కలిసి తెల్లగా పేరుకుంటాయి. ప్లేట్ రీడర్‌లో ఆ మసకకూ బ్యాక్టీరియా మసకకూ తేడా తెలియదు. రిజాజురిన్ అనే నీలి రంగు వేస్తే బతికున్న కణాలు నీలాన్ని గులాబీగా మారుస్తాయి, అది కొంత మేలు. అయితే ఆక్సీకరణను అడ్డుకునే గుణం ఎక్కువున్న సారాలు బ్యాక్టీరియా లేకుండానే ఆ రంగు మార్చేయగలవు. అందుకని బ్యాక్టీరియా వేయకుండా సారం పలుచనలన్నిటితో ఒక వరస తప్పకుండా పెట్టండి. ఆ వరస కూడా గులాబీ అయితే రంగును నమ్మొద్దు, ప్రతి బావి నుంచి అగార్ మీద పరిచి కాలనీలు చూడటమే దారి. పసుపు మీద పనిచేసేవాళ్ళకు ఇంకో ఇబ్బంది, దాని సొంత రంగే కొలతను చెడగొడుతుంది.

ఎంఐసీ ఎంత వస్తే బాగున్నట్టు?

ముడి సారానికి మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు వస్తే ఉత్సాహపడొచ్చు. 1 మిల్లీగ్రాము దాటితే ముందుకు తీసుకెళ్ళదగ్గ గుణం ఉందని చెప్పడం కష్టం, ఈ రంగంలో పనిచేసేవాళ్ళల్లో ఎక్కువమంది అనుసరించే హద్దు అది. మధ్యలో వస్తే విడదీసి చూడాలి. విడదీసిన కొద్దీ ఎంఐసీ తగ్గుతూ రావాలి. తగ్గకపోతే పనిచేసే పదార్థం ఎక్కడో జారిపోతోంది, లేదా ఒక్క పదార్థం పని కాదు.

ఆరియస్ మీద పనిచేసింది, ఈ.కోలై, సూడోమోనాస్ మీద చేయలేదు. ఎందుకని?

మొక్కల సారాలతో ఇది మామూలే. ఆ రెండూ గ్రామ్ నెగటివ్. వాటికి బయట ఇంకో పొర ఉంటుంది, చాలా పదార్థాలను లోపలికి రానివ్వదు. వచ్చినవాటిని బయటికి తోసేసే పంపులు కూడా ఉంటాయి.

యాంటీబయాటిక్‌తో కలిపి పరీక్షించవచ్చా?

తప్పకుండా. నా ఉద్దేశంలో మొక్కల పరిశోధనలో ఎక్కువ ఆశ ఉన్న దారి ఇదే. బెర్బెరిస్ మొక్కల్లో బెర్బెరిన్ అనే పదార్థం ఉంది. ఆరియస్ బ్యాక్టీరియా నార్ఏ అనే పంపుతో దాన్ని బయటికి తోసేస్తుంది, కాబట్టి ఒంటరిగా దాని బలం తక్కువ. అదే మొక్కలో ఆ పంపును అడ్డుకునే మరో పదార్థం ఉందని 2000లో తేల్చారు. అది సొంతంగా బ్యాక్టీరియాను ఏమీ చేయదు, బెర్బెరిన్‌కు తోడుపడుతుంది. జోన్ మాత్రమే కొలిచే పద్ధతిలో అలాంటి పదార్థం ఎప్పటికీ కంటపడదు.

ప్రయోగాన్ని చెకర్‌బోర్డ్ అంటారు. ప్లేటులో అడ్డంగా మందును, నిలువుగా సారాన్ని పలుచన చేస్తారు. కలిపినప్పటి ఎంఐసీ ఒంటరిగా ఉన్నప్పటి ఎంఐసీలో ఎంత వంతో ఒక్కోదానికి లెక్కించి, ఆ రెండు వంతులు కూడితే వచ్చేది ఎఫ్ఐసీ సూచిక. అది 0.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే రెండూ ఒకదానికొకటి బలం ఇస్తున్నట్టు. 0.5 నుంచి 4 మధ్య వస్తే ఏమీ లేనట్టే లెక్క. 4 దాటితే ఒకదాన్నొకటి దెబ్బతీస్తున్నట్టు. ఇలా దెబ్బతీయడం కూడా ముఖ్యమైన ఫలితమే, ఎందుకంటే జనం డాక్టర్ ఇచ్చిన మాత్రతో పాటు కషాయమూ తాగుతుంటారు.

ఎన్నిసార్లు చేయాలి?

కనీసం మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో, కొత్త కల్చర్‌తో. ఒకే ప్లేటులో మూడు బావులు పెడితే అవి మూడు ప్రయోగాలు కావు. వీలైతే సారం కూడా వేరే విడత కాయలతో మళ్ళీ తీయండి. ఎంఐసీలకు సగటు, స్టాండర్డ్ డీవియేషన్ రాయొద్దు. రెండు రెట్ల మెట్లతో కొలిచిన అంకె అది, ఒక మెట్టు అటూ ఇటూ రావడం సహజం. మూడుసార్లూ వచ్చిన అంకెలను ఉన్నదున్నట్టు ఇవ్వండి.

ప్లేటు మీద చంపింది కాబట్టి జ్వరానికో, ఇన్ఫెక్షన్‌కో కరక్కాయ తాగితే తగ్గుతుందా?

ఈ పరీక్ష ఆ మాట చెప్పదు. మీ ఎంఐసీ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అనుకోండి. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రక్తంలో ఆ మోతాదు రావాలంటే 5 గ్రాముల సారం మొత్తానికి మొత్తం పేగుల్లోంచి రక్తంలోకి చేరాలి, విరగకూడదు, ప్రోటీన్లకు అతుక్కోకూడదు, కండరాల్లోకి పోకూడదు. టానిన్ల లాంటి పెద్ద అణువులు పేగుల్లోంచి చాలా తక్కువగానే రక్తంలోకి వెళ్తాయి. పేగుల్లోని బ్యాక్టీరియా వాటిలో కొన్నిటిని యూరోలిథిన్లు అనే చిన్న అణువులుగా మార్చేస్తాయి. కాబట్టి రక్తంలో చేరేది మీరు ప్లేటు మీద వేసినది కాదు.

నోట్లో, చర్మం మీద పరిస్థితి వేరు. అక్కడ సారం నేరుగా బ్యాక్టీరియాను తాకుతుంది, మోతాదు కూడా ఎక్కువగా ఉంచవచ్చు. పళ్ళు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ మీద కరక్కాయ సారంతో పుక్కిలింత ద్రావణాలు చేసి మనుషుల్లో పరీక్షించిన అధ్యయనాలున్నాయి. బుగ్గన ముక్క పెట్టుకునే మన అలవాటుకు దగ్గరగా ఉన్న ప్రశ్న కూడా అదే. ప్రాజెక్టు కోసం కొత్త కోణం వెతుకుతుంటే మ్యూటాన్స్ మంచి ఎంపిక. దానికి రక్తం కలిపిన అగార్, కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేషన్ కావాలి.

ఏ దారిలో వెళ్ళినా మనిషి కణాల మీద విషప్రభావం చూడాలి. ఎర్ర రక్తకణాలు పగులుతున్నాయా అని చూసే పరీక్ష చవకైనది, ముందు అది చేయండి. 1 మిల్లీగ్రాము దగ్గర బ్యాక్టీరియాతో పాటు రక్తకణాలూ పగిలిపోతే ఆ సారం కథ అక్కడితో ముగుస్తుంది. జ్వరమో, పుండో ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ రాసిన మందు మానేసి ఇలాంటి ఫలితాల మీద ఆధారపడొద్దు.

పేటెంట్ తీసుకోవచ్చా? అనుమతులు ఏమైనా కావాలా?

సంప్రదాయంగా అందరికీ తెలిసిన వాడకానికి పేటెంట్ నిలవదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంట్‌ను మన సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) సవాలు చేస్తే 1997లో రద్దు చేశారు. కొత్త పదార్థం, కొత్త మిశ్రమం కనిపెడితే వేరే సంగతి. అప్పుడు 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర చేయాల్సిన పని ఉంటుంది. విదేశీ ల్యాబ్‌తో కలిసి పనిచేసే ముందు కూడా ఆ సంస్థ నియమాలు చూడాలి. 2023లో చట్టాన్ని సవరించారు కాబట్టి పాత సీనియర్ల మాట మీద కాకుండా ఇప్పటి నియమాలు చదివి వెళ్ళండి. వాడకం గురించి చెప్పింది గిరిజనులైతే, వాళ్ళ ఊరి పేరు, వాళ్ళ సమ్మతి మీ రికార్డులో ఉండాలి. ఆ జ్ఞానం వాళ్ళది.

థీసిస్‌లో ముగింపు వాక్యం ఎలా రాయాలి?

‘కరక్కాయ శక్తిమంతమైన సహజ యాంటీబయాటిక్, దుష్ప్రభావాలు లేనిది’ అని రాయొద్దు. ఆ రెండు మాటల్లో ఒక్కటీ మీరు పరీక్షించలేదు. ఏ చెట్టు, ఏ భాగం, ఏ ద్రావణి, ఏ స్ట్రెయిన్, ఎంత మోతాదు, టానిన్లు తీసేశాక ఏమైంది అన్నవి వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు: ‘ఫలానా వోచర్ నంబరు గల కరక్కాయ పెచ్చు మిథనాల్ సారం, తటస్థ పీహెచ్ దగ్గర, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 29213 పెరుగుదలను మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాముల దగ్గర ఆపింది, పీవీపీపీతో టానిన్లు తొలగించాక ఈ గుణం ఇంత తగ్గింది, ఇదే పరిస్థితుల్లో జెంటామైసిన్ ఎంఐసీ ఇంత.’ ఖాళీల్లో మీ అంకెలు పెట్టండి. వైవాలో మొదటి ప్రశ్న టానిన్ల మీదే వస్తుంది, ఆ పీవీపీపీ ప్లేటు ఫొటో దగ్గర పెట్టుకుని వెళ్ళండి.